చెరిపి వ్రాయు జ్ఞాపకము

వీడియో కెమెరాలో బొమ్మలను దాచు చిన్న కార్డును ఫ్లాష్ మెమరీ అందురు. ఫ్లాష్ అనగా మెరుపు. జపానులో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువొకా ఈ సాధనమును 1984లో లోకమునకు వెల్లడించెను. అందలి వ్రాత యంతయు ఒక్క పెట్టున చెరిగిపోవుట చూచి, ఆయన సహోద్యోగి ఒకరికి ఫొటో కెమెరా మెరుపు తోచినదట. దాచుటనుబట్టి గాక, చెరపుటనుబట్టి వచ్చిన పేరిది.

కార్డు లోపల సిలికాన్ పలకపై కోట్లకొలది సూక్ష్మమైన అరలు కలవు. ఒక్కొక్క అర చుట్టును విద్యుత్తును పోనీయని పొర యుండును. తగిన వోల్టేజి ప్రయోగించినచో ఎలక్ట్రానులు ఆ పొరను దాటి లోపల చిక్కుకొనును. కరెంటు తీసివేసినను ఏండ్ల తరబడి అచ్చటనే నిలుచును. ఏ అరలో ఎంత విద్యుత్తు చిక్కినదను దానినిబట్టియే బొమ్మ తిరిగి చదువబడును. తిరుగు చక్రములు లేవు, చిక్కుపడు టేపు లేదు. కెమెరా చిన్నదైనది, తేలికైనది. అయితే చెరిపి వ్రాసినకొలది ఆ పొర అరుగును.

1995లో వచ్చిన చిన్న డీవీ టేపు గంటసేపటి బొమ్మను, అనగా సుమారు 13 గిగాబైట్లను, పట్టెడిది. నేడు వ్రేలి గోరంత కార్డు 512 గిగాబైట్లు పట్టుచున్నది. 2011 మార్చిలో జపాను తీరమును సునామీ ముంచినప్పుడు సెందాయి సమీపమున సోనీవారి టేపు కర్మాగారము దెబ్బతినినది. స్టుడియోలకు టేపు కరవై, కార్డులవైపు సాగుచున్న మార్పు మరింత వేగమందుకొన్నది.

టేపునకు ఒక సుగుణముండెను. నిండినదానిని తీసి, పేరు వ్రాసి, బీరువాలో పెట్టెడివారము. కార్డును అట్లు పెట్టము. ఖాళీచేసి మరల వాడుదుము. ఒకమారు నేను ఒక వృద్ధ కళాకారుని హరికథ చిత్రీకరించి, కాపీ అయినదని తలచి, మరునాటి పనికై కార్డు చెరిపితిని. కాపీ కాలేదు. ఆయనకు ఆ సంగతి చెప్పుటకు నాకు వారము పట్టినది. మరల చెప్పెదనన్నారు గాని, అప్పటికి గొంతు సహకరింపలేదు.

ఇప్పుడు రెండు కార్డులపై ఒకే బొమ్మను ఏకకాలమున వ్రాయు కెమెరాలున్నవి. ఇంట పెండ్లికో, పెద్దల మాటలు నిలుపుకొనుటకో కెమెరా కొనదలచినవారు బొమ్మ నాణ్యముతోపాటు ఆ రెండవ కార్డునకు చోటున్నదో లేదో కూడ దుకాణమున అడిగి చూడుడు.