సమష్టిగా కొనుట పంచాయతీలకు మేలు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వీధిదీపములు, మంచినీటి మోటార్లు, బ్లీచింగు పొడి ప్రతి పంచాయతీయు కొనవలసిన వస్తువులే. పది గ్రామములు పది దుకాణములలో వేర్వేరుగా కొన్నచో, వర్తకుడు చెప్పిన ధరకే తలయొగ్గవలసి వచ్చును. ఆ పది గ్రామముల అవసరములను ఒకచోట చేర్చి ఒకే టెండరు పిలిచినచో, వర్తకులే పోటీపడి ధర తగ్గింతురు. పంచాయతీ సొమ్ము ప్రజల సొమ్ము. అందులో మిగిలిన ప్రతి రూపాయియు మరియొక పనికి అక్కరకు వచ్చును.

దీనికి ఎల్.ఇ.డి. బల్బులే నిదర్శనము. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల ఉమ్మడి కంపెనీయగు ఇ.ఇ.ఎస్.ఎల్. వీనిని పెద్దమొత్తములో కొనసాగెను. 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగెను. సాంకేతికాభివృద్ధియు దీనికి కొంత కారణమే. అయినను, కోట్ల బల్బుల గిరాకీ ఒకేచోట కానవచ్చుటచే తయారీదారులు ధైర్యముగా ఉత్పత్తిని పెంచగలిగిరి.

“ఉమ్మడిగా కొన్నచో మా అధికారము పోదా?” యని కొందరు సభ్యులు శంకింతురు. ఈ శంకకు తమిళనాడులో సమాధానము గలదు. 1994లో అచ్చట స్థాపించిన వైద్యసేవల సంస్థ ప్రభుత్వ ఆసుపత్రులకు వలయు మందులను ఉమ్మడిగా కొని, జిల్లా గిడ్డంగులలో నిల్వచేసి, నమూనాలను పరీక్ష చేయించిన పిమ్మట పంపును. ప్రతి ఆసుపత్రికిని ఒక పాసుపుస్తకము గలదు. అందు వ్రాసిన మొత్తమునకు లోబడి, ఏ మందు ఎంత కావలయునో ఆసుపత్రియే నిర్ణయించుకొనును. ధర కుదుర్చుట ఉమ్మడి పని. అవసరము నిర్ణయించుట స్థానికుల పని.

అయితే ధర తగ్గినంత మాత్రమున పని ముగియదు. ఆరిన దీపమును బాగుచేయువాడు లేనిచో, చౌకబేరము చీకటినే మిగుల్చును. కావున ఎన్ని వాట్లు, ఎన్నేండ్ల గ్యారంటీ, చెడినచో ఎన్ని దినములలో బాగుచేయవలయును, ఆలస్యమునకు ఎంత జరిమానా అను విషయములను టెండరులోనే వ్రాయింపుడు. వచ్చిన సరుకును నమూనాతో సరిచూచి గాని పుచ్చుకొనకుడు. బిల్లును గడువులోగా చెల్లింపుడు. చెల్లింపు జాగైనచో, వర్తకుడు ఆ నష్టమును తరువాతి ధరలో కలుపును. ఒప్పుకొన్న గ్రామము నడుమ తప్పుకొన్నచో తక్కిన గ్రామములు నష్టపడును. కావున మీ అవసరమును ముందే సరిగా లెక్కింపుడు.

రాబోవు సమావేశమున ఈ యేడు కొనవలసిన వస్తువుల పట్టికను సిద్ధపరచుడు. పొరుగు పంచాయతీలతో సరిపోల్చి, నిబంధనలను గూర్చి మండల పరిషత్తు అధికారులను సంప్రదింపుడు. పట్టిక కలిసిననాడే బేరము బలపడును.