పింఛను కాగితాలు చెప్పిన చరిత్ర
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"బతికే ఉన్నానని కూడా రుజువు చూపాలా?" అని మనం ఏటా విసుక్కుంటూనే ఉంటాం. అటువంటి రుజువు కాగితాలే అమెరికాలో నల్లజాతి వారి చరిత్రను ఎలా నిలిపాయో మనవి చేస్తాను.

బానిసత్వం ఉన్న రోజుల్లో, 1850, 1860 జనాభా లెక్కల బానిసల పట్టికల్లో యజమాని పేరు రాసేవారు. బానిసకు వయసు, ఆడా మగా, రంగు మాత్రమే. పేరు సాధారణంగా ఉండేది కాదు. అందుకే చాలా కుటుంబాలకు 1870కి ముందు తమ తాతముత్తాతల ఆచూకీ దొరకదు.

ఆ లోటు తీర్చే వాటిలో పింఛను ఫైళ్లు ముఖ్యమైనవి. 1861-65 అంతర్యుద్ధంలో సుమారు 1,79,000 మంది నల్లజాతి వారు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. వారి భార్యలు వితంతు పింఛను కోరితే పెళ్లికి రుజువు అడిగారు. బానిసల పెళ్లికి చట్టంలో గుర్తింపే లేదు, ఇక సర్టిఫికెట్ ఎక్కడిది? ఇరుగుపొరుగువారు, తోటి సిపాయిలు వచ్చి వాంగ్మూలాలిచ్చారు. ఎవరు ఎక్కడ పుట్టారు, ఏ యజమాని దగ్గర ఉన్నారు, పిల్లలెందరు అన్నీ కాగితం మీదికెక్కాయి. ఆ ఫైళ్లు నేడు అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఎందరో బానిసలను తప్పించి స్వేచ్ఛకు చేర్చిన హారియట్ టబ్‌మన్‌కూ ఈ తిప్పలు తప్పలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో 1888లో ఆమె భర్త నెల్సన్ డేవిస్ చనిపోయాడు. సైన్యం రికార్డులో అతని పేరు నెల్సన్ చార్లెస్. ఇద్దరూ ఒకరేనని ఆమె రుజువు చేయవలసి వచ్చింది. పేరులో తేడా వస్తే ఎన్నిసార్లు తిరగాలో మీకు చెప్పనక్కరలేదు! 1895లో నెలకు 8 డాలర్లు మంజూరైంది. యుద్ధంలో ఆమె స్వయంగా చేసిన నర్సు సేవను కూడా గుర్తించి 1899లో 20 డాలర్లు చేశారు.

ఇటువంటి ఫైలు నకలు ఒకటి బడిపిల్లల చేతికిచ్చి, ఎవరేం చెప్పారు, పింఛను పోతుందని ఏమైనా దాచి ఉంటారా అని అడగాలి. అప్పుడు పాఠ్యపుస్తకంలో లేని తమ ఊరి మనుషులు వారికి కనబడతారు.

మన హైదరాబాదులోనూ ఈ చరిత్ర ఉంది. ఏ.సి. గార్డ్స్ అంటే నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆ సిపాయిల వారసులు నేటికీ ఆ పేటలో ఉన్నారు. రోజూ ఆ పేరు పలికే మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు? వారి ఇళ్లలో పాత కొలువు కాగితాలు, ఫొటోలు మిగిలి ఉంటే అవి చెదలపాలు కాకముందే నకళ్లు తీయించాలి. పెద్దల మాటలు రాసి ఉంచాలి. దగ్గరి బడిపిల్లలకు ఆ పని అప్పగిస్తే అంతకు మించిన చరిత్ర పాఠం ఉండదు.

దస్తావేజుల విలువ తెలిసిన ఉద్యోగులం మనం. వారికి చేయూతనివ్వడం మన వల్ల అయ్యే పనే.