పావు అంటే దేనిలో పావు?



మనం కువైట్‌లో ఉన్నాం. మనలో చాలామంది పిల్లలు ఊళ్లో తాతానాయనమ్మల దగ్గరుండి ఆరో, ఏడో, ఎనిమిదో తరగతి చదువుతున్నారు. వీడియో కాల్‌లో "బాగా చదువుతున్నావా?" అంటాం, "ఆఁ" అంటారు. మాట అక్కడితో అయిపోతుంది. లెక్కలంటే భయం పట్టుకునేది ఈ వయసులోనే. చాలామందికి అది భిన్నాల దగ్గర మొదలవుతుంది. ఆ భయం తీర్చే సామాను మన జేబులోనే ఉంది.

ఇక్కడ అర దీనార్ నోటు ఉంది, పావు దీనార్ నోటు ఉంది. రెండూ ఫోన్ ముందు పెట్టి, 1/2 పెద్దదా, 1/4 పెద్దదా అని అడగండి. రెండు కంటే నాలుగు పెద్దది కాబట్టి 1/4 అనే పిల్లలు ఉంటారు. కసురుకోవద్దు. దీనార్‌కు 1000 ఫిల్సులు. ఇద్దరికి పంచితే తలా 500, నలుగురికి పంచితే తలా 250. పంచుకునేవాళ్లు పెరిగేకొద్దీ వాటా తగ్గుతుంది. కింద ఉండే హారం చెప్పే సంగతి ఇదే.

తర్వాత రెండు నోట్లూ కలిపితే ఎంతో అడగండి. పై అంకెలు పైన, కింది అంకెలు కింద కూడి 2/6 అనొచ్చు. 2/6 అంటే మూడో వంతు, అర కంటే తక్కువ. డబ్బుకు డబ్బు కలిపితే తగ్గుతుందా? ఈ ప్రశ్న పిల్లలే వేసుకోవాలి. 500కు 250 కలిపితే 750, ముప్పావు దీనార్. లెక్క చేసేముందు జవాబు సుమారుగా ఎంత రావాలో అనుకోవడం, వచ్చాక సరిచూసుకోవడం అలవాటైతే సంఖ్యల మీద పట్టు దొరికినట్టే.

ఇక అసలు ప్రశ్న: దేనిలో పావు? ఇది మనకూ కావాలి. ఇక్కడి ప్రైవేటు రంగ కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ గంటకు మామూలు గంట జీతం మీద కనీసం 25 శాతం, అంటే పావు వంతు, కలిపి ఇవ్వాలి. గంటకు 800 ఫిల్సులనుకుందాం. అందులో పావు 200. పావు దీనార్ అయితే 250. పేరు ఒకటే, మొత్తం వేరు కాబట్టి వాటా వేరు. ఓవర్‌టైమ్ గంటకు 1000 ఫిల్సులు, రెండు గంటలకు రెండు దీనార్లు. వారపు సెలవు రోజు పనిచేస్తే కలపాల్సింది కనీసం సగం. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు వేరే చట్టం ఉంది, అది విడిగా తెలుసుకోవాలి.

మనలో బడి మధ్యలో మానేసినవాళ్లు చాలామందిమి. అయినా కిలోంబావు, పావుతక్కువ రెండు అంటూ పెరిగాం. ఆ లెక్క మన నోట్లోనే ఉంది. ఈ శుక్రవారం ఫోన్‌లో పది నిమిషాలు దానికి ఇద్దాం. మన జీతం చీటీలో ఓవర్‌టైమ్ గంటల్ని పిల్లల చేతే లెక్క కట్టిద్దాం. వాళ్లకు పాఠం వస్తుంది, మనకు రావాల్సింది ఎంతో తెలుస్తుంది.