తక్కెడకు ఏ వైపు?



సునాబెడలో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, 2009లో వచ్చింది. రాయగడలో సెంచూరియన్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. వ్యాపారం ఎలా పెట్టాలో నేర్పే శిక్షణలు ఈ కొండల దాకా వచ్చాయి. మంచిదే. ప్రాజెక్టు రిపోర్టు రాయడం, జీఎస్టీ నంబరు తీసుకోవడం, బ్యాంకు మేనేజరు ముందు తడబడకుండా మాట్లాడడం నేర్చుకోండి. నేనడిగేది ఒక్కటే. రేపు కొట్టు పెట్టాక తక్కెడకు ఏ వైపు నిలబడతారు?

సంతకు చింతపండు, పసుపు తలమీద మోసుకొచ్చే ఆదివాసి తల్లి ధర చెప్పదు, వింటుంది. చీకటి పడేలోపు కొండెక్కాలి గనుక ఇచ్చింది పుచ్చుకుంటుంది. అటువైపు కూర్చుని కొన్నవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, ఒప్పుకోవాలి. ఆమోసు ప్రవక్త కోపం తప్పుడు త్రాసు పట్టుకున్నవాళ్ల మీదే కదా.

కోరాపుట్ కాఫీనే చూడండి. పండు కోసిన రోజే తొక్క తీయాలి, తర్వాత గింజ కడిగి ఆరబెట్టాలి. ఆలస్యమైతే రుచి చెడుతుంది. తొక్క తీసే యంత్రం అందుబాటులో లేని రైతు పండునే అమ్ముకుంటాడు. సుమారు ఆరు కిలోల పండుకు ఒక కిలో పచ్చి గింజ వస్తుంది. వేయించి, పొడిచేసి, పొట్లం కట్టినవాడిదే అసలు లాభం. 2019లో ఒడిశా ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ ‘కోరాపుట్ కాఫీ’ పేరుతో అమ్మకం మొదలుపెట్టింది. ఈ కొండల వరసలోనే ఉన్న మన అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు. నలుగురు విద్యార్థులు కలిసి ఒక యంత్రం కొని, పదిమంది రైతులను కూలీలుగా కాక వాటాదారులుగా చేర్చుకుంటే? మార్కులు వేసేవాళ్లకు చిన్న ప్రాజెక్టుగా కనిపించవచ్చు. కానివ్వండి.

పెట్టుబడి దగ్గర మనకో ముడి ఉంది. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియాలో ఎస్సీ, ఎస్టీలకూ, ఏ వర్గపు స్త్రీలకైనా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణం పెట్టారు. దళిత క్రైస్తవ కుర్రాడు ఆ వరుసలో నిలబడలేకపోయాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అతను ఎస్సీ కాడు. పక్కనే కూర్చుని ఆరాధించే ఆదివాసి క్రైస్తవుడికి ఆ అడ్డు లేదు. ఎస్టీ హోదాకు మతంతో పని లేదు. బాప్తిస్మం దాచిపెట్టి సర్టిఫికెట్ తెచ్చుకోమనేవాళ్లుంటారు. నేను ఆ సలహా ఇవ్వను. ఇల్లు గడవక అలా చేసినవాణ్ణి తప్పు పట్టనూ లేను. ఆ ఉత్తర్వు మారేదాకా అడుగుతూనే ఉండాలి. ఈలోగా 2015లో మొదలైన ముద్రా రుణం ఉంది. దానికి కుల సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆస్తి తాకట్టూ అక్కర్లేదు. పెద్దలకూ ఒక మాట: ఆదివారం తప్ప తాళం తీయని సంఘపు హాలు మీ ఊళ్లో ఉంటే, ఆ యంత్రానికి చోటివ్వండి.

ఈ వారం మీకో పని. సరిగ్గా కిలో తూగిన పప్పు పొట్లం సంతకు పట్టుకెళ్లండి. ఆదివాసుల దగ్గర సరుకు కొనే షావుకారు తక్కెడలో వేయించండి. ఎంత చూపిందో రాసుకుని రండి. వచ్చేసారి అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.