వెదురు చెట్టా? గడ్డా?



ఇందాక పిల్లల్ని అడిగా, వెదురు చెట్టా, గడ్డా అని. "చెట్టే కదన్నా" అన్నారు. కాదు. వరి, జొన్న ఏ జాతో వెదురూ అదే జాతి, గడ్డి. మన ముసలోళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. వెదురు బియ్యం వండుకుని కరువు దాటినోళ్ళు వాళ్ళు.

1927 అటవీ చట్టం మాత్రం వెదుర్ని చెట్టు అని రాసింది. చెట్టంటే కలప, కలపంటే సర్కారుది! 2017లో ఆ మాట తీసేశారు, అయితే అది అడవి బయట పెంచుకునే వెదురుకే. అడవిలో వెదురు సంగతి వేరు.

మా కొండరెడ్డి మామ ఒకాయన చేటలు, తట్టలు అల్లుతాడు. పోయిన ఏడు సంతకి పోతుంటే దారిలో ఆపి, బద్దల కట్ట గుంజుకున్నారు. కత్తి కూడా. పర్మిట్ ఏదని అడిగారంట. మామ ఏం చెప్తాడు? తాత కూడా ఆ గుట్ట మీదే కొట్టాడు, ఆయన్నెవరూ పర్మిట్ అడగలేదు.

ఆ రోజు మామకి గానీ, చదువుకున్న నాకు గానీ చట్టం నోటికి రాలేదు. ఇప్పుడు చెప్తున్నా, రాసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం వెదుర్ని చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో పెట్టింది. ఏరుకోడం, వాడుకోడం, అమ్ముకోడం మన హక్కు, యాజమాన్యమే మనది. 2012 సవరణ నిబంధనల ప్రకారం రవాణా పర్మిట్ ఇచ్చేది గ్రామసభ కమిటీ.

ఇది కాగితం మీద మాటే అంటారా? గడ్చిరోలిలో మెండా లేఖా అని మన గోండుల ఊరుంది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ అక్కడికే వచ్చి, పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి ఇప్పించాడు. తర్వాత వెదురు వాళ్ళే కొట్టారు, వాళ్ళే అమ్మారు.

హక్కంటే కొట్టడమే కాదు గదా. వెదురు కొన్ని దశాబ్దాలకోసారి పూస్తది, గింజ రాల్చి పొదకి పొదే చస్తది. అప్పుడు మొలిచిన పిలకల్ని నిప్పు నుంచి, పశువుల నుంచి ఏళ్ళ తరబడి కాయాలి. లేత కొమ్ములన్నీ కూరకి విరిచేస్తే రేపు గెడ ఏదీ? ఆ కట్టుబాటు కూడా గ్రామసభే పెట్టాలి. మనలోనూ ఎడాపెడా నరికేటోళ్ళున్నారు, కోపమొచ్చినా సరే అంటున్నా.

వచ్చే గ్రామసభలో ఫారం-బి, ఫారం-సి రెండూ నింపుదాం. సగం మంది హాజరుండాలి, వచ్చినోళ్ళలో మూడో వంతు ఆడోళ్ళు ఉండాలి, లేకపోతే తీర్మానం చెల్లదు. ఏ గుట్టన ఏ పొద ఉందో తెలిసిన ముసలోళ్ళని బండెక్కించుకు రండి. మామ ఇప్పటికే సరేనన్నాడు. కత్తి సంగతి కూడా అక్కడే అడుగుతాడంట.