ఒంటికి రాసిన చీటీ



2021లో కరోనా టీకాలు వచ్చాయి. "ఆ మందు ఒంట్లో ఏం చేస్తదో" అని చాలామంది జంకారు. అడగడం తప్పు కాదు. ఒళ్లు మనది.

మన దేశంలో ఎక్కువమంది వేయించుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. కోవాగ్జిన్ హైదరాబాదులో తయారైంది. అది చంపిన వైరస్‌తో చేసిన టీకా. అమెరికాలో ఎక్కువగా వేసింది మరో రకం. దాని పేరు ఎంఆర్ఎన్ఏ టీకా. నోరు తిరగని పేరు! చీటీ టీకా అనుకుందాం.

ఒంట్లో కోట్ల కణాలున్నాయి. కణానికి చీటీ అందితే చదువుతుంది. అందులో రాసిన మాంసకృత్తు తయారు చేస్తుంది. టీకాలో కూడా చీటీయే ఉంటుంది. కరోనా వైరస్ మీద ఉండే ముల్లు ఎలా చేయాలో అందులో ఉంటుంది. కణం ముల్లు చేస్తుంది. ఒట్టి ముల్లే, వైరస్ కాదు. దాన్ని చూసి ఒళ్లు పోట్లాట నేర్చుకుంటుంది. చీటీ కొద్ది రోజులకే చిరిగిపోతుంది. మన వంశం రాత ఉండే లోపలి గదిలోకి అది పోదు.

మొదట్లో బయటి చీటీ పంపితే ఒళ్లు తిరగబడేది. కాటలిన్ కరికో అనే ఆమె దీని మీద ఏళ్ల తరబడి పని చేశారు. ఆమె హంగరీ దేశంలో మాంసం కొట్టేవాని బిడ్డ. 1985లో అమెరికా పోయారు. కూతురి ఎలుగుబంటి బొమ్మలో డబ్బు దాచి కుట్టి తీసుకెళ్లారు. పరిశోధనకు డబ్బు పుట్టలేదు. 1995లో ఆమె ఉద్యోగం హోదా తగ్గించారు. అయినా వదల్లేదు. 2005లో ఆమె, డ్రూ వైస్‌మన్ కలిసి దారి కనుక్కున్నారు. చీటీలో ఒక్క అక్షరం మార్చారు. ఒళ్లు తిరగబడడం తగ్గింది! 2023లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మరి కోట్ల చీటీలు ఎవరు రాస్తారు? ముందు చీటీకి మూలప్రతిని గాజులాంటి గుండ్రటి డీఎన్ఏలో అతికిస్తారు. మూలప్రతిని మోసే బండి ఆ గాజే. దాన్ని ప్లాస్మిడ్ అంటారు. గాజును సూక్ష్మజీవిలో పెట్టి పెద్ద పాత్రలో పెంచుతారు. పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు కాదూ? ఇదీ అంతే. సూక్ష్మజీవులు పెరిగితే గాజులూ పెరుగుతాయి. తర్వాత గాజులు బయటికి తీసి, శుభ్రం చేసి, ఒకచోట తుంచుతారు. దాన్ని చూసి ఎంజైము అనే పదార్థం చీటీలు రాస్తుంది. ఆఖరున మూలప్రతిని తీసేస్తారు.

చీటీ మహా నాజూకు. అందుకే సన్నటి కొవ్వు బొట్లలో చుడతారు. ఫైజర్ టీకాను మొదట్లో సున్నాకు 70 డిగ్రీల కింద ఉంచాల్సి వచ్చింది. పల్లెల్లో అంత చల్లని పెట్టె ఎక్కడిది? 2022లో పుణెలో చేసిన చీటీ టీకాకు మన దేశంలో అనుమతి వచ్చింది. దానికి మామూలు ఫ్రిజ్ చాలు.

ఈ టీకా వేస్తే ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, జ్వరం రావచ్చు. చాలా అరుదుగా, ఎక్కువగా కుర్రాళ్లకు, గుండె కండరం వాచింది. ఛాతీ నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి.