పుస్తకం తెరకెక్కినా తెలుగు దిగిపోకూడదు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో నూలు ధర గురించి, కూలి గురించి, పింఛన్ల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడాల్సినవే. ఈసారి మన సావనీరు కూడా కాగితం మీద కాకుండా ఫోనులోనే చదువుకోబోతున్నాం కాబట్టి, పిల్లల పాఠ్యపుస్తకం గురించి ఒక మాట చెప్పాలని మేము అనుకున్నాం. బడులు అచ్చు పుస్తకం నుంచి డిజిటల్ పాఠాల వైపు జరుగుతున్నాయి. ఈ జరుగుడులో హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు పిల్లలు ఎక్కడ నిలబడ్డారన్నదే మా మాట.

డిజిటల్ అనగానే అది మనది కాని లోకం అనుకుంటాం. నిజానికి దాని వేరు మగ్గం దగ్గరే ఉంది. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డు చేసిన సాధనం మనకు తెలిసిందే. అట్టకు చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఆ చిల్లుల అట్టల పద్ధతినే తర్వాత లెక్కలు చేసే యంత్రాలవాళ్లు తీసుకున్నారు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలెరిత్ వాడింది చిల్లుల కార్డులే. కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్లు ఈ మాట మరిచిపోరు. కాబట్టి చేనేత ఇంటి పిల్లలు కంప్యూటరును చూసి బెదరాల్సిన పని లేదు.

అయితే జకార్డు మనకు ఇంకో సంగతి కూడా నేర్పింది. అట్టల్లో ఏ డిజైను కొడితే చీర మీద అదే వస్తుంది. కొట్టని పువ్వు పూయదు. ఫోను పాఠం కూడా అంతే. అందులో తెలుగు పెట్టకపోతే దానంతట అది రాదు.

మన రాష్ట్రంలో ఏం జరిగిందో చూద్దాం. తమిళనాడు ప్రభుత్వం 2018-19లో కొత్త పాఠ్యపుస్తకాలు తెచ్చినప్పుడు పాఠాల పక్కన క్యూఆర్ కోడ్లు అచ్చు వేసింది. ఫోనుతో కోడ్ చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. 2019 ఆగస్టులో కల్వి టీవీ మొదలైంది. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు లక్షల మంది పిల్లలకు అదే బడి అయింది. ఇవి మంచి పనులు, కాదనం. కానీ కల్వి టీవీ పాఠాలు ప్రధానంగా తమిళంలో నడిచాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, తెలుగు మాధ్యమంలో లెక్కలూ సైన్సూ చదువుకునే పిల్లవాడు ఆ టీవీ ముందు కూర్చుంటే, పాఠం కన్నా ముందు భాషను దాటాలి.

తమిళం వద్దని మేము అనడం లేదు. ఈ నేల మీద బతుకుతున్నాం, తమిళం మనకు అన్నం పెట్టే భాష. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికో తరగతి చొప్పున అది 2015-16కు పదో తరగతి దాకా వచ్చింది. పదో తరగతి పరీక్షలో భాషా మైనారిటీ బడుల పిల్లలకు మినహాయింపు కోసం కోర్టుల దాకా వెళ్లాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును ఒక ఏడాది పొడిగించింది. ఏడాదికేడాది ఊపిరి బిగబట్టుకుని చదివే చదువు మన పిల్లలది. తమిళం బాగా నేర్వనీ, ఇంగ్లీషూ నేర్వనీ. ఆ రెండూ వచ్చినందుకు తెలుగు పోవాలని ఎక్కడా రాసి లేదు కదా?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. తెలుగు పుస్తకం మనకు ఎందుకు కష్టమవుతోంది? ఇది మగ్గం లెక్కే. పడుగు పెట్టడానికి పట్టే పని ఒక చీరకైనా అంతే, నాలుగు చీరలకైనా అంతే. అందుకే ఒక్క చీర కోసం పడుగు పెట్టం. అచ్చు కూడా అంతే. అక్షరాలు కూర్చడం, దిద్దడం, ప్లేట్లు చేయడం, ఈ ఖర్చు వంద పుస్తకాలకైనా లక్ష పుస్తకాలకైనా ఒకటే. పిల్లలు తక్కువైన కొద్దీ ఒక్కో పుస్తకం బరువవుతుంది. మన దగ్గర చాలా చోట్ల తెలుగు మాధ్యమం తరగతులు సన్నబడ్డాయి. పిల్లలు తగ్గారని పుస్తకాల మీద శ్రద్ధ తగ్గుతుంది, పుస్తకం సరిగా అందడం లేదని తల్లిదండ్రులు పిల్లల్ని మాధ్యమం మారుస్తారు. ఇదొక చుట్టు.

డిజిటల్ ఈ చుట్టును తెంచగలదు. ఒకసారి పాఠం తయారైతే పదిమంది చూసినా, పదివేల మంది చూసినా ఖర్చు పెద్దగా మారదు. బాగలూరులో ముగ్గురు పిల్లలు, శూలగిరిలో ఐదుగురు, వేపనపల్లిలో ఇద్దరు ఉన్నా అందరికీ ఒకే పాఠం ఒకే రోజు అందుతుంది. కొద్దిమంది ఉన్న భాషకు ఇంతకన్నా మంచి సాధనం లేదు. కానీ ఆ మొదటి పడుగు ఎవరో ఒకరు పెట్టాలి. మాస్టరు తెలుగులో చెప్పాలి, దాన్ని తీయాలి, సరిచూడాలి, కోడ్‌కు కలపాలి. ఆ పని జరగకపోతే డిజిటల్ మనకు మేలు చేయకపోగా, ఉన్న అచ్చు పుస్తకాన్ని కూడా మెల్లగా పక్కకు నెడుతుంది.

ఇది మన ఒక్క ఊరి బాధ కాదు. 2023లో యునెస్కో ప్రపంచ విద్య మీద ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. ఓఈఆర్ కామన్స్ అనే పెద్ద ఉచిత పాఠాల భాండారంలో 92 శాతం ఇంగ్లీషులోనే ఉందట. మిగిలిన లోకమంతా కలిసి ఎనిమిది శాతంలో సర్దుకోవాలి.

ముందు నడిచిన దేశాలు కూడా ఆగి ఆలోచిస్తున్నాయి. స్వీడన్ బడుల్లో తెరలు ఎక్కువయ్యాయని 2023లో అచ్చు పుస్తకాల కోసం 68.5 కోట్ల క్రోనార్లు కేటాయించింది. దక్షిణ కొరియా 2025 మార్చిలో కృత్రిమ మేధ పాఠ్యపుస్తకాలు మొదలుపెట్టి, అదే ఏడాది ఆగస్టులో వాటిని పాఠ్యపుస్తకం హోదా నుంచి తప్పించి సహాయక సామగ్రిగా మార్చింది. మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలు సుమారు 4.6 లక్షల మందికి ట్యాబులు ఇచ్చారు. నెట్ లేకపోయినా నడిచేలా పాఠాలు ముందే నింపి ఇచ్చారు. అంతకు ముందే 2020-21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు తెచ్చారు. ఈ మూడు చోట్ల నుంచీ మేము తీసుకున్నది ఒక్కటే: పుస్తకం ఉండాలి, దానికి తోడుగా తెర ఉండాలి. పడుగు లేకుండా పేక ఒక్కటే వేస్తే గుడ్డ రాదు.

ఇక మన ఇళ్ల సంగతి. కరోనా రోజుల్లో మాకు తెలిసిన ఒక ఇంట్లో ఫోను ఒక్కటే. పగలు నాన్న చేతిలో ఉండాలి, డిజైన్లు, ఆర్డర్లు అందులోనే వస్తాయి. సాయంత్రం అన్న చదువుకు. కండెలు చుట్టి, గిన్నెలు కడిగి వచ్చిన ఆడపిల్ల చేతికి అది వచ్చేసరికి రాత్రి పది, చార్జింగు అయిపోయేది. ఫోనులోకి చదువు పోయినప్పుడు అందరికన్నా వెనక నిలబడింది ఆ పిల్లే.

అదే ఇంట్లో ఇంకొకటి చూశాం. ఆ పిల్ల తెలుగు వాచకం పైకి చదువుతుంటే, రాట్నం దగ్గర కూర్చున్న అవ్వ పద్యం అందుకుని మిగతా పాదాలు చెప్పేసేది. అవ్వకు అక్షరం రాదు, పద్యం వచ్చు. పాఠం వేరే భాష వీడియో అయ్యాక, ఇయర్‌ఫోన్లు చెవిలోకి వెళ్లాక, అవ్వ ఆ చదువులోంచి బయటకు వచ్చేసింది. అడిగితే "నాకేం తెలుసమ్మా, అది మీ చదువు" అంది. మాకు భయం వేసింది ఆ మాటకే.

అందుకే సమాఖ్య తరఫున మూడు అడుగుదామని ప్రతిపాదిస్తున్నాం. ఒకటి, కనీసం ఐదో తరగతి దాకా తెలుగు అచ్చు పుస్తకం బడి తెరిచిన వారంలో చేతికి రావాలి, తెర వచ్చిందని దాన్ని ఆపకూడదు. రెండు, తెలుగు పుస్తకాలు యూనికోడ్ అక్షరాల్లో పెట్టాలి. పాత డీటీపీ ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌లో ఒక మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, చూపులేని పిల్లలకు ఫోను చదివి వినిపించలేదు. యూనికోడ్ అయితే ఇవన్నీ కుదురుతాయి. మూడు, తెలుగు పుస్తకంలో కోడ్ ఉంటే దాని వెనక తెలుగు పాఠం ఉండాలి. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల డిజిటల్ పాఠాల్లో మన సిలబస్‌కు సరిపోయేవాటిని మన ఉపాధ్యాయులు ఏరి కలిపితే సగం పని తేలికవుతుంది.

అడగడమే కాదు, చేయాల్సింది మనకూ ఉంది. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ పిల్లల పుస్తకం తీసి, ఒక్క కోడ్ ఫోనుకు చూపించండి. తెరుచుకున్నది ఏ భాషలో ఉందో, ఏమీ తెరుచుకోలేదో ఒక కాగితం మీద తరగతి, పాఠం పేరుతో రాసి మాకివ్వండి. అలాంటి కాగితాలు వంద చేరితే అది ఫిర్యాదు కాదు, లెక్క అవుతుంది. లెక్కకు అధికారులు జవాబు చెప్పక తప్పదు. రోజుకు ఒక గంట ఫోను పిల్లలకు వదలండి, అందులో ఆడపిల్ల వంతు ముందు పెట్టండి. పై తరగతి పిల్లలు తెలుగు పాఠాలు చదివి రికార్డు చేస్తే, చిన్నవాళ్లు వింటారు, మగ్గం మీద అమ్మ వింటుంది, రాట్నం దగ్గర అవ్వా వింటుంది. ఆ రికార్డులు దాచే బాధ్యత మా ఉపసంఘానిది.

మనం నేసిన చీర ఎక్కడికి పోతుందో మనకు తెలియదు. ఎవరు కట్టినా అంచు చూసి ఇది ఫలానా ఊరి నేత అని పోల్చుకుంటారు. మన పిల్లలు కూడా ఎంత దూరమైనా పోనీ, ఏ తెర మీదైనా చదవనీ. నోరు తెరిస్తే ఏ ఇంటి బిడ్డలో తెలియాలి.

సెలవు తీసుకుంటున్నాం. ఆ కోడ్ మాట మరిచిపోకండి.